ఇంట్లో చుట్టినా బీడీ కూలి కూలే

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు లేని వాడ అరుదు. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, కట్టలు వేసి కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలి. కనీస వేతనం పెరిగిందన్న కబురు వస్తే మాత్రం, "గది ఫ్యాక్టరీలల్ల చేసెటోళ్లకు, మనకేడిది?" అనుకుంటారు.

అపోహ: ఇంటి దగ్గర చేసే పనికి కనీస వేతనం లేదు.

వాస్తవం: 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూల్‌లోనే, అంటే అది వర్తించే పనుల జాబితాలోనే, బీడీ తయారీ ఉండేది. సరుకిచ్చి ఇంటి దగ్గర చేయించుకున్నా చేసిన మనిషి ఉద్యోగే అని ఆ చట్టమే చెప్పింది. రోజు కూలికే కాదు, వెయ్యి బీడీల లెక్కకూ కనీస రేటు పెట్టవచ్చు.

మినహాయింపు ఉన్నమాట నిజమే. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం 43వ సెక్షన్, సొంత ఇంట్లో తనమీద ఆధారపడ్డ కుటుంబసభ్యులతో బీడీలు చేసుకునేవారిని వదిలేసింది. అయితే వాళ్లు వేరే యజమాని దగ్గర పనిచేసేవాళ్లు కాకూడదని అక్కడే షరతు పెట్టింది. ఆకు, తంబాకు కార్ఖానావే. బాగాలేదని బీడీలు తీసిపారేసే అధికారమూ కార్ఖానాదే. అలాంటప్పుడు చుట్టే ఆమె సొంత వ్యాపారి ఎట్లా అవుతుంది? 1985లో పీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇంటి దగ్గర చుట్టేవాళ్లు ఉద్యోగులేనని తేల్చింది. ఇక ప్రభుత్వమిచ్చే బీడీ పింఛను కూలిలో భాగం కాదు, దాన్ని చూపించి రేటు తగ్గించడం అన్యాయం.

అపోహ: తక్కువకు ఒప్పుకున్నాక అడగకూడదు.

వాస్తవం: కనీస వేతనం వదులుకుంటూ రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. అంతకన్నా తక్కువిచ్చి చేయించుకోవడం వెట్టిచాకిరీయేనని 1982లో ఢిల్లీ ఆసియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు అన్నది.

అపోహ: జీవో వచ్చిందంటే కూలి పెరిగినట్టే.

వాస్తవం: గెజిట్‌లో అచ్చయితేనే అమలు. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 5 రంగాలకు కొత్త రేట్ల జీవోలిచ్చింది. అవి గెజిట్‌కెక్కక ఒక కార్మిక సంఘం హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. పేదవాళ్ల కూలిని ఇట్లా కాగితాల మధ్య ఆపడం క్షమించరానిది.

మరి కనీస వేతనం నిజంగా ఎవరికి వర్తించదు? ఉపాధి హామీ కూలీలకు రాష్ట్ర రేటుతో సంబంధం లేకుండా కేంద్రమే కూలి ఖరారు చేస్తుంది. 2025–26లో తెలంగాణకు అది రోజుకు 307 రూపాయలు. 1948 చట్టం బదులు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అప్రెంటిస్ చట్టం కింద చేరినవారిని, సైనికులను ఉద్యోగుల లెక్కలోకి తీసుకోలేదు. పాత షెడ్యూల్ పద్ధతి ఎత్తేసి, కనీస వేతనాన్ని అన్ని రంగాలకూ విస్తరించింది. బకాయి అడిగే గడువు పాత చట్టంలో 6 నెలలు, ఇప్పుడు 3 ఏళ్లు. అందుకే ఆకు తెచ్చిన రోజు, ఇచ్చిన బీడీలు, అందిన డబ్బు రాసున్న లెక్క పుస్తకాన్ని కార్ఖానాలో వదలకుండా ఇంట్లో దాచుకోవాలి.