రాజావారి ఊరికి రాళ్లిచ్చిన దీపాలదిన్నె

తుళ్లూరు: పిల్లాపాపలతో అమరావతి వెళ్లే ఈ ప్రాంతవాసులు కృష్ణలో స్నానం చేసి, అమరేశ్వరుని దర్శించి, చెట్టునీడన పులిహోర పొట్లాలు విప్పి, పొద్దువాలకముందే బస్సెక్కుతారు. ఆ ఊరు కట్టించిన రాజావారి కథ పిల్లల చెవిన వేసేవారు మాత్రం అరుదు.

రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మొదట కృష్ణ ఒడ్డునే ఉన్న చింతపల్లి నుంచి జమీ ఏలారు. 1790 దశకంలో దివాణాన్ని ధరణికోట పక్కకు మార్చి, అమరేశ్వరుని పేర కొత్త పట్టణం కట్టించారు. వర్తకులను పిలిపించి కాపురాలు పెట్టించారు. ఆలయాన్ని బాగుచేయించారు. కంపెనీ వారితో పొసగక వచ్చారని కొందరంటారు. చెంచులను చంపించిన పాపానికి విస్తట్లో అన్నం పురుగులుగా కనిపించిందనీ, అది పోగొట్టుకోవడానికే శివుని చెంతకు చేరారనీ ఊళ్లలో చెప్పుకొంటారు. పెద్దలు ఇప్పటికీ నమ్మేది రెండో కథనే.

కొత్త ఊరంటే రాయి, ఇటుక బండ్లకొద్దీ కావాలి. వాటికోసం పనివాళ్లు దగ్గరలోని దీపాలదిన్నెను తవ్వారు. బొమ్మలు చెక్కిన పాలరాతి వంటి పలకలు బయటపడ్డాయి. అది రెండువేల ఏళ్లనాటి బౌద్ధ మహాచైత్యమని అప్పటికి ఎవరికీ తెలియదు. పలకలు కొత్త కట్టడాలకూ, చెరువు మెట్లకూ పోయాయి. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి ఆ శిల్పాలు చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు గొయ్యి ఉంది. మిగిలిన వాటికి అతడు బొమ్మలు గీయించాడు. వాటిలో చాలా శిల్పాలకు ఇప్పుడు మిగిలింది ఆ కాగితం మీది గీతలే.

తప్పంతా జమీందారుమీద మోపడం న్యాయం కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో లండను ఓడెక్కాయి. 1880లో మద్రాసు ప్రభుత్వమే మిగిలిన దిబ్బను మొత్తం తవ్వించింది. అమరావతి శిల్పాలు చూడాలంటే చెన్నై, లండను మ్యూజియములకూ పోవలసిందే.

ఇంతకూ అమరావతిలో ఏముంది? రాజావారి నాటి దర్జా ఇప్పుడు లేదు. దీపాలదిన్నె ఉన్నచోట గుండ్రని ఇటుక పునాది, చుట్టూ పచ్చగడ్డి, నిలబెట్టిన కొన్ని రాళ్లు కనిపిస్తాయి. పిల్లలు పరుగెత్తడానికి కావలసినంత జాగా. తిన్నగా చూస్తే ఏమీ అర్థం కాదు కాబట్టి ముందు పురావస్తుశాఖ మ్యూజియం చూసి రావడం మేలు. స్తూపం నమూనా, శిల్పాలు అక్కడున్నాయి. సర్కారు కాగితాలమీద అచ్చయ్యే పూర్ణకుంభానికి మూలం ఈ శిల్పాలేనంటే పిల్లలు ఇట్టే గుర్తుపడతారు.

తుళ్లూరు వారికి ఈ కథ మరీ దూరం కాదు. 2015లో ఈ చుట్టుపక్కల ఊళ్ల రైతులు 30 వేల ఎకరాలకుపైగా ఇచ్చిన రాజధానికి పెట్టింది అమరావతి పేరే. అంటే ఆ పేరుతో కొత్త ఊరు కట్టబూనడం ఇది రెండోసారి. మొదటిసారి పునాదులు తీసిన నాడు గడ్డపార కింద ఏం పడిందో ఆ గడ్డి మైదానంలో నిలబడి చూడవచ్చు.

మ్యూజియానికి శుక్రవారం సెలవు.