టీవీకెక్కిన హోటల్లో తెర వెనుక పని ఎలా ఉంటుంది?

టీవీ పెట్టినా, ఫోన్ తెరిచినా ఏదో ఒక వంటల షో కనిపిస్తోంది. ఒక పెద్ద షెఫ్ హోటల్లోకి వస్తాడు, ఫ్రిజ్ తీస్తాడు, ముక్కు మూసుకుంటాడు, ఓనర్ మీద అరుస్తాడు. గంట తిరిగేసరికి హోటల్ తళతళలాడిపోతుంది. ఇంట్లో అందరూ కూర్చుని సరదాగా చూస్తారు. మరి ఆ వెనకాల గిన్నెలు కడిగే కుర్రాడు, తందూర్ దగ్గర చెమటలు కక్కే మాస్టర్, ప్లేట్లు మోసే సర్వర్ సంగతేమిటి?

ఈ ప్రశ్న మన ఇళ్లకు దూరమైనది కాదు. సంతబొమ్మాళి మండలం భావనపాడు, అటు టెక్కలి, పలాస, ఇటు విజయనగరం దాకా చూడండి. ఇక్కడి నుంచి బతుకుతెరువు కోసం విశాఖ, హైదరాబాద్, చెన్నై, గల్ఫ్ వెళ్లడం కొత్తేమీ కాదు. వెళ్లినవాళ్లలో హోటల్ పనిలో చేరేవాళ్లూ ఉంటారు. భావనపాడు పక్కనే మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పోర్టు నడిస్తే ఈ దారిలో హోటళ్లు, డాబాలు పెరుగుతాయని చాలామంది ఆశ. హోటళ్లు వస్తే కెమెరాలూ వస్తాయి. అందుకే తెర వెనుక ఏం జరుగుతుందో ముందే తెలుసుకోవడం మంచిది.

షోలు రెండు రకాలు

మొదటిది పోటీ షో. మాస్టర్‌షెఫ్ లాంటివి. ఇక్కడ వంటగది స్టూడియోలో కట్టిన సెట్టు. పోటీదారులు దరఖాస్తు పెట్టుకుని, తమ ఇష్టంతో వస్తారు. మంగళూరులో జ్యూస్ షాపు నడుపుకునే మొహమ్మద్ ఆషిక్ 2023లో మాస్టర్‌షెఫ్ ఇండియా గెలిచాడు. ఆ గెలుపు చూసి మన పిల్లలకూ ఆశ పుట్టడం సహజం.

రెండోది హోటల్‌నే చూపించే షో. ఇందులో కెమెరా ముందుకు రావాలని నిర్ణయించేది ఓనర్. పనివాళ్లను అడిగేది తక్కువ. ఓనర్ ఒప్పుకున్నాడు కాబట్టి వాళ్లూ తెర మీదికి వచ్చేస్తారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

న్యూయార్క్‌లోని ఇండియన్ హోటల్ కథ

ఈ రెండో రకంలో పేరుమోసింది గోర్డన్ రామ్సే చేసే కిచెన్ నైట్‌మేర్స్. బ్రిటన్‌లో 2004లో మొదలైంది, అమెరికాలో 2007 సెప్టెంబర్‌లో వచ్చింది. అమెరికా షో మొదటి సీజన్‌లోనే న్యూయార్క్‌లోని డిల్లన్స్ అనే రెస్టారెంటును చూపించారు. అక్కడి మెనూలో అమెరికా, ఐర్లాండ్, ఇండియా వంటలన్నీ కలగలిసి ఉండేవి. వంటగదిలో పాడైన సరుకు, పురుగులు బయటపడ్డాయి. రామ్సే మెనూ అంతా తీసేసి పూర్తి ఇండియన్ వంటకాలు పెట్టించి, పేరు పూర్ణిమ అని మార్చాడు. వంట దారిలో పెట్టడానికి వికాస్ ఖన్నాను పిలిపించాడు. తర్వాత మాస్టర్‌షెఫ్ ఇండియా జడ్జిగా మనకు పరిచయమైన వికాస్ ఖన్నాయే ఆయన.

షో ప్రసారం కాకముందే, 2007 జూన్‌లో, ఆ రెస్టారెంటు మేనేజర్‌గా చేసిన వ్యక్తి కోర్టుకెక్కాడు. కొన్ని సీన్లు కావాలని సృష్టించారని, కస్టమర్లుగా నటులను తెచ్చారని ఆయన ఆరోపణ. ఆ ఆరోపణ నిజమా కాదా అన్న విచారణ దాకా కోర్టులో విషయం వెళ్లనే లేదు. ఒప్పందంలో గొడవలొస్తే మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని రాసి ఉంది కాబట్టి, ఆగస్టులో కోర్టు కేసు కొట్టేసి మధ్యవర్తిత్వానికి పంపింది.

ఇందులో మనం పట్టుకోవాల్సిన మాట ఒకటే. సంతకం పెట్టిన కాగితంలో ఏముందో, తర్వాత అదే నడుస్తుంది. కెమెరా ముందు ఏం జరిగిందన్నది ఆ తర్వాతి మాట.

ఇలాంటి ఆరోపణలన్నీ నిజమనీ అనుకోకూడదు. బ్రిటన్ షోలో సీన్లు కల్పించారని రాసిన ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక మీద రామ్సే పరువునష్టం దావా వేశాడు. 2006లో ఆ పత్రిక క్షమాపణ చెప్పి, 75,000 పౌండ్లు చెల్లించాల్సి వచ్చింది. కాబట్టి రెండు వైపులా వినాలి.

రోజుల పని, నిమిషాల సీను

అబద్ధం ఆడకుండానే మనిషిని తప్పుగా చూపించొచ్చు. రోజుల తరబడి తీసిన దాన్ని కోసి గంటలోపు కుదిస్తారు. ఉదయం నుంచి పద్ధతిగా పనిచేసిన కుర్రాడు ఒక్కసారి చెంచా కింద పడేస్తే, తెర మీద మిగిలేది ఆ చెంచాయే.

హలీమ్‌నే చూడండి. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. రంజాన్ రాగానే ప్రతి చానల్‌లో భట్టీ, పెద్ద దేగ్, ఘోటా పట్టుకున్న ఇద్దరు మనుషులు కనిపిస్తారు. పది సెకన్లు, అంతే. గోధుమ నానబెట్టడం, మాంసం ఉడకడం, గంటల కొద్దీ కొట్టడం కెమెరాకు పట్టదు. భట్టీ వేడికి భుజాలు లాగేస్తున్నా, షూటింగ్ కోసం "ఇంకోసారి కొట్టండి భాయ్" అంటే మళ్లీ కొట్టాల్సిందే.

షూటింగ్ రోజున పని మామూలుగా సాగదు. ఇరుకు వంటగదిలోకి లైట్లు, కేబుళ్లు, కెమెరా మనుషులు వస్తారు. పొయ్యిల దగ్గర వేడి పెరుగుతుంది. కాళ్ల కింద వైర్లు, చేతిలో మరిగే నూనె. ఒకే ప్లేటును నాలుగుసార్లు వడ్డించమంటారు. ఆర్డర్లు ఆలస్యమైతే కస్టమర్ కోప్పడేది సర్వర్ మీదే. చొక్కాకు పెట్టిన చిన్న మైకు బయటికెళ్లి ఇంటికి ఫోన్ చేసినా వింటూనే ఉంటుంది.

టిప్పు ఎవరిది?

అరిజోనా రాష్ట్రంలోని ఏమీస్ బేకింగ్ కంపెనీ ఎపిసోడ్ 2013 మే 10న ప్రసారమైంది. ఓనర్ల అరుపుల వల్లే అది ప్రపంచమంతా తెలిసింది. కానీ పనివాళ్ల వైపు నుంచి చూస్తే అందులో అసలు సంగతి వేరు. కస్టమర్లు సర్వర్ల కోసం ఇచ్చిన టిప్పులను ఓనర్లే ఉంచుకుంటున్నారని అక్కడ బయటపడింది. ఆ రెస్టారెంటు 2015లో మూతపడింది. అలా కెమెరా ఒక్కోసారి పనివాడికి మేలు కూడా చేస్తుంది.

మన దగ్గర టిప్పు వేరు, సర్వీస్ చార్జి వేరు. బిల్లులో సర్వీస్ చార్జిని తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. పనివాడికి ఇవ్వాలనుకుంటే అతని చేతికే ఇవ్వడం మేలు.

షో అయిపోయాక

పేరు రాగానే జనం వస్తారు. 2024 జనవరిలో హైదరాబాద్‌లో కుమారి ఆంటీ ఫుడ్ స్టాల్ సంగతి అందరికీ తెలిసిందే. అది టీవీ షో కూడా కాదు, యూట్యూబ్ వీడియోలే. ట్రాఫిక్ ఆగిపోయి, పోలీసులు స్టాల్ తీసేయమన్నారు. చివరికి ముఖ్యమంత్రి జోక్యంతో మళ్లీ అక్కడే కొనసాగింది. హోటల్లోనూ ఇంతే. గిరాకీ రెట్టింపైనా పనివాళ్ల సంఖ్య అలాగే ఉంటే, ఆ బరువు మోసేది పాత కుర్రాళ్లే. ఇక కిచెన్ నైట్‌మేర్స్‌లో కనిపించిన చాలా రెస్టారెంట్లు తర్వాత మూతపడ్డాయి. పూర్ణిమ కూడా నిలవలేదు. టీవీలో వచ్చింది కదా అని ఉద్యోగం పదిలం అనుకోవడానికి లేదు.

మన పిల్లలు ఏం అడగాలి?

హోటల్లో షూటింగ్ అంటే సిగ్గుపడకుండా ఈ సంగతులు అడగమని పిల్లలకు చెప్పండి.

కాగితం మీద సంతకం పెట్టమంటే ముందు చదవాలి. ఇంగ్లీషు రాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోవాలి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోవాలి.

ముఖం కనిపించడం ఇష్టం లేకపోతే షూటింగ్ మొదలవకముందే చెప్పాలి. వంటగదిలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ఇది మరీ ముఖ్యం. ప్రసారమయ్యాక తీయించడం చాలా కష్టం.

షూటింగ్ కోసం ఎక్కువ గంటలు ఉండమంటే ఆ గంటలకు జీతం ఎంతో ముందే తేల్చుకోవాలి. "టీవీలో కనిపిస్తావు కదా" అన్నది జీతం కాదు.

శుభ్రత విషయంలో మాత్రం కెమెరా కోసం ఎదురుచూడకూడదు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం తిండి తయారుచేసేవాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష ఉండాలి. తెలంగాణలో 2024 నుంచి ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హోటళ్లలో తనిఖీలు చేసి, దొరికిన లోపాలను పేర్లతో సహా సోషల్ మీడియాలో పెడుతోంది. పాడైన మాంసం వాడమని ఓనర్ చెప్పినా, పట్టుబడ్డ రోజు నింద వంటవాడి మీదికే నెట్టే ప్రమాదం ఉంది. అందుకే చెడిన సరుకు కనిపిస్తే అప్పుడే చెప్పాలి, వీలైతే వాట్సాప్‌లో రాసి పెట్టాలి.

చూసే మనకూ ఒక పని ఉంది. షోలో ఎవరో కుర్రాడు తిట్లు తింటుంటే నవ్వుకునే ముందు, అతని ఇంట్లో కూడా అమ్మీ, అబ్బా ఇదే టీవీ చూస్తుంటారని గుర్తుపెట్టుకుందాం. హోటల్‌కు వెళ్లినప్పుడు వడ్డించినవాడికి ఒక మంచి మాట చెబుదాం. దస్తర్‌ఖాన్ మీదికి వచ్చిన ప్రతి ముద్ద వెనుక ఎవరో ఒకరి చెమట ఉంది.