ముందు వచ్చిన పడవయే గెలిచినదా?

మన పాఠశాల క్రీడాదినమున పరుగుపందెమునందు ముందుగా గీతను దాటిన బాలునికే బహుమానమిత్తుము. ఇందు తగవు లేదు. కాని అయిదవ తరగతి బాలుని, పదవ తరగతి బాలుని ఒక్క గీతపై నిలిపి పరుగెత్తుమన్నచో చూచువారు నవ్వుదురు. అందుచేతనే వయస్సునుబట్టి వర్గములు చేయుచున్నాము. తెరచాప పడవల పందెములందును ఇట్టి చిక్కే కలదు. ఒక పడవ పొడవు, మఱియొకటి పొట్టి. ఒకదాని తెరచాప పెద్దది, మఱియొకదానిది చిన్నది. ఇట్టి పడవలు కలిసి పందెము వేసినప్పుడు, ముందు గమ్యము చేరిన పడవకుగాక వెనుక వచ్చిన పడవకు బహుమానము దక్కుట కద్దు. ఈ యేర్పాటునకు హాండికాపు అని పేరు. ఇది అన్యాయమని మా విద్యార్థులు కొందఱు మాతో వాదించిరి. వారి కొఱకును, ఈ పత్రికను చదువు తలిదండ్రుల కొఱకును ఈ సంగతిని విశదపఱుపబూనితిమి.

ముందుగా, ఒక పడవ మఱియొకదానికంటె వేగముగా నేల పోవలెను? గాలి యందఱికి నొక్కటియే గదా! పడవ సాగునపుడు నీటిని త్రోసికొనుచు ముందొక అలను, వెనుక నొక అలను పుట్టించును. వేగము హెచ్చినకొలది ఆ అల పొడవగును. అల పొడవు పడవ పొడవుతో సమానమైనప్పుడు పడవ తాను లేపిన అల నడుమనే చిక్కుకొని, అంతకుమించి వేగిరపడుట మిక్కిలి కష్టమగును. ఈ హద్దును కనుగొనుట కొక సులభమైన లెక్క కలదు. నీటిని తాకుచున్న పడవ పొడవును అడుగులలో గొలిచి, దాని వర్గమూలమును 1.34 చేత గుణించినచో, ఆ వేగము ఎన్ని నాటులో తెలియును. ఒక నాటు వేగమనగా గంటకు 1,852 మీటర్లు. 16 అడుగుల పడవకు ఈ హద్దు సుమారు 5.4 నాటులు, 25 అడుగుల పడవకు 6.7 నాటులు. తేలికయైన చిన్న పడవలు మంచి గాలిలో నీటిపైకి లేచి జాఱుచు ఈ హద్దును దాటగలవు. బరువైన పడవలకు అది సాధ్యము కాదు.

నావల నమూనాలను నీటితొట్టిలో లాగి, నీటి యెదిరింపును కొలుచు పద్ధతిని 19వ శతాబ్దమున విలియమ్ ఫ్రూడ్ అను ఆంగ్లేయ ఇంజనీరు స్థిరపఱచెను. మన విశాఖపట్టణముననే, ఎన్.ఎస్.టి.ఎల్. అని మనమందఱము పిలుచు నౌకాదళ పరిశోధనాలయమునందు, ఇట్టి పరీక్షల కొఱకు 500 మీటర్ల పొడవుగల తొట్టి యున్నది. ఆ ప్రహరీ ప్రక్కగా బడికి వచ్చు బాలురు ఈ సంగతి యెఱిగియుండుట మంచిది.

కాబట్టి పొడవు పడవవాడు ముందు వచ్చుట యాతని నేర్పునకు నిదర్శనము కానేరదు. దీనికి రెండు పరిష్కారములు కలవు. మొదటిది, అందఱికిని ఒకే రకపు పడవ నిచ్చుట. హైదరాబాదు హుస్సేన్ సాగరమున జరుగు పందెములలో ఈ పద్ధతి కనబడును. అచ్చట బాలబాలికలు ఆప్టిమిస్టు అను బుల్లి పడవలను నడుపుదురు. అమెరికాలోని ఫ్లోరిడాయందు క్లార్క్ మిల్స్ అనునాతడు 1947లో పిల్లల కొఱకు కల్పించిన పడవ యిది. దీని పొడవు 2.36 మీటర్లు మాత్రమే. పెద్దవారు నడుపు లేజరు పడవ పొడవు 4.23 మీటర్లు. ఆప్టిమిస్టులు ఆప్టిమిస్టులతోను, లేజరులు లేజరులతోను పోటీపడునప్పుడు ముందు వచ్చినవాడే విజేత. లెక్కలతో పని లేదు.

కాని ప్రతి యూరను ఒకే రకపు పడవలు పదియో యిరువదియో దొరకునా? పది పడవలుండి, పదియు పది రకములైనచో పందెమే మానుకొనవలెనా? అక్కడ రెండవ పరిష్కారమగు హాండికాపు అక్కఱకు వచ్చును. ఇంగ్లండున పుట్టిన పోర్ట్స్‌మత్ పద్ధతియందు ప్రతి రకపు పడవకును ఒక సంఖ్య నిచ్చుదురు. వేగముగల పడవకు చిన్న సంఖ్య, మందగమనముగల దానికి పెద్ద సంఖ్య. పడవ గమ్యము చేరుటకు పట్టిన కాలమును 1,000 చేత గుణించి, ఆ సంఖ్యచేత భాగింపగా వచ్చినది సవరించిన కాలము. ఎవరి సవరించిన కాలము తక్కువయో వారిదే గెలుపు.

ఒక లెక్క చేసి చూతము. లేజరు సంఖ్య 1,100 అనియు, ఆప్టిమిస్టు సంఖ్య 1,640 అనియు అనుకొందము. వాడుకలోనున్న సంఖ్యలు వీనికి దగ్గఱగానే యుండును. లేజరు 55 నిమిషములలో, అనగా 3,300 సెకనులలో, గమ్యము చేరినది. సవరించిన కాలము సరిగా 3,000 సెకనులు, అనగా 50 నిమిషములు. ఆప్టిమిస్టులోని బాలిక 80 నిమిషములకు, అనగా 4,800 సెకనులకు వచ్చినది. అప్పటికి లేజరువాడు ఒడ్డున కూర్చుండి తెరచాప మడచుకొని యుండును. కాని యామె సవరించిన కాలము 2,927 సెకనులు, అనగా 48 నిమిషముల 47 సెకనులు. కావున 1 నిమిషము 13 సెకనుల తేడాతో బాలికయే గెలిచినది. మా విద్యార్థులు దీనిని పలకపై మరల చేసి చూతురుగాక.

అమెరికాలో మిక్కిలి వాడుకయందున్న పద్ధతి వేఱు. అచ్చట ప్రతి పడవకును మైలుకిన్ని సెకనులని మినహాయింపు నిర్ణయింతురు. ఒక పడవకు 120, మఱియొకదానికి 180 అయినచో, 10 మైళ్ల పందెములో రెండవదానికి 600 సెకనులు, అనగా 10 నిమిషములు లభించును. ఈ మినహాయింపు దూరమునుబట్టి మాఱునేగాని కాలమునుబట్టి మాఱదు. గాలి మందగించి పందెము మూడు గంటలు సాగినను అవే 10 నిమిషములు. అందుచే అట్టి దినమున చిన్న పడవకు నష్టము. పోర్ట్స్‌మత్ పద్ధతిలోనన్ననో కాలము పెరిగినకొలది మినహాయింపును పెరుగును.

మినహాయింపు లేకున్న నేమగునో చెప్పుటకు ఒక ప్రసిద్ధమైన పందెము కలదు. 1851 ఆగస్టు 22వ తేదీని ఇంగ్లండులోని వైట్ ద్వీపము చుట్టును జరిగిన పందెమున అమెరికా అను నావ గెలిచెను; నేటి అమెరికా కప్పునకు ఆ పేరు వచ్చుట దానివలననే. ఆ నావ 170 టన్నులది. దాని వెనుకనే రెండవదిగా వచ్చిన అరోరా 47 టన్నులది మాత్రమే. ఆ పందెమున మినహాయింపు లేదని ముందుగానే నిర్ణయించిరి గనుక తీర్పులో తప్పు లేదు. అయినను, ఎవరి నావికులు మేటులను ప్రశ్నకు ఆ తీర్పు జవాబు కాదు.

ఈ సంఖ్యలు ఎచ్చటినుండి వచ్చుచున్నవని అడుగవచ్చును. కొలబద్దతో మాత్రమే యేర్పడినవి కావు. అనేక క్లబ్బులలో జరిగిన పందెముల ఫలితములను ఏటేట చేర్చి, ఏ రకపు పడవ ఎంత కాలమున వచ్చుచున్నదో చూచి, సవరించుచుందురు. కావున ఇవి తూకపురాళ్లవలె శాశ్వతములు కావు. అనుభవముచేత దిద్దుకొను అంచనాలు. వీనికి లోపములును గలవు. గాలి బలముగా నున్ననాడు ఒక పడవకును, మందముగా నున్ననాడు మఱియొకదానికిని మేలగును. పెద్ద పడవ గమ్యము చేరిన పిదప గాలి పడిపోయినచో వెనుకనున్నవారు నడినీటిలో నిలిచిపోవుదురు. ఇట్టివానిని ఏ సంఖ్యయు సరిదిద్దజాలదు.

ఇంకొక విషయమును మఱువరాదు. గోల్ఫు ఆటలో హాండికాపు మనుష్యునికి. నేర్పు తక్కువయైనవానికి కొన్ని దెబ్బలు విడిచిపెట్టుదురు. హైదరాబాదు మలక్‌పేటలో జరుగునట్టి గుఱ్ఱపు పందెములందు మేలైన గుఱ్ఱముపై ఎక్కువ బరువు వేయుదురు. పోర్ట్స్‌మత్ సంఖ్య యట్లు కాదు. అది పడవ రకమునకేగాని నడుపువానికి కాదు. ఆలస్యముగా బయలుదేఱిన వానికిని, గాలి మార్పు కనిపెట్టలేని వానికిని, చుక్కాని సరిగా పట్టని వానికిని ఒక్క సెకను కూడ విడిచిపెట్టదు. పడవలలోని భేదమును లెక్కలోనుండి తీసివైచి, మిగిలిన నేర్పును మాత్రము తూచును. కావున దీనిని దయయని చిన్నచూపు చూచుటయు, అన్యాయమని నిందించుటయు రెండును పొరపాటే. పై లెక్కలోని బాలిక యెవరి దయవలనను గెలువలేదు. ఆమె 82 నిమిషములు పట్టించియున్నచో లేజరుతో సరిసమానమే. మఱి కొంచె మాలసించిన ఓడిపోయియుండును.

ఫలితముల దినమున మార్కుల పట్టిక చేతబట్టుకొని, పొరుగింటి పిల్లవానితో తమ పిల్లవానిని పోల్చి మందలించు తలిదండ్రులను మేము ప్రతి యేడును చూచుచున్నాము. ఒకని కింట ప్రత్యేకపు గదియు, పాఠము చెప్పువారును గలరు. మఱియొకడు తెల్లవాఱకముందే చేపలరేవునకు పోయి తల్లికి గంపలెత్తి, ఆ పిమ్మట బడికి వచ్చును. మార్కులకు సవరణసంఖ్య లేదు, ఉండవలెనని మేము కోరుటయు లేదు. పరీక్ష యందఱికి నొక్కటియే. కాని మందలించుటకుముందు ఆ పిల్లవాడు ఏ పడవలో వచ్చినాడో యొక్కమాఱు చూడవలెనని మాత్రము ఉపాధ్యాయులమగు మాకును, తలిదండ్రులకును విన్నవించుకొనుచున్నాము.