పాత పెన్ను భాగాలు, కొత్త కర్ర ఒళ్లు

బాల్ పెన్నులో ముందుగా అయిపోయేది సిరా. అప్పటికి స్ప్రింగు బాగానే ఉంటుంది, మీట నొక్కితే పనిచేస్తుంది, ములికి దగ్గరి మర అరిగి ఉండదు. అయినా పెన్ను మొత్తం చెత్తలోకి పోతుంది. ఉక్కు, ఇత్తడి, రెండు మూడు రకాల ప్లాస్టిక్కు అంత చిన్న వస్తువులో కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి కరిగించడం ఎవరికీ గిట్టుబాటు కాదు. విప్పి మళ్లీ వాడటం మాత్రం ఇంట్లోనే చేయవచ్చు. పనికొచ్చే భాగాలు తీసి, కర్రతో కొత్త ఒళ్లు చేసి అందులో అమర్చితే ఆ పెన్ను ఏళ్ల తరబడి రాస్తుంది.

అసలు భాగాలను కూడా మనమే ఎందుకు చేసుకోకూడదు? ములికిలోని గుండు సాధారణంగా ఒక మిల్లీమీటరు, లేదా అంతకంటే తక్కువ. చాలావరకు టంగ్‌స్టన్ కార్బైడ్‌తో (ఉక్కు కంటే ఎంతో గట్టి పదార్థం) చేస్తారు. గుండుకూ దాని గూటికీ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వేల వంతులే. సందు పెరిగితే సిరా కారుతుంది, తగ్గితే గుండు తిరగదు. ఇంటి పనిముట్లకు అంత సూక్ష్మం అందదు. అందుకే ఈ భాగాలను అరువు తెచ్చుకుంటాం.

మీట పెన్ను విప్పే ముందు కొలతలు రాసుకోవాలి. మీట నొక్కినప్పుడు లోపలి పళ్ల చక్రం కొద్దిగా తిరిగి ఒక మెట్టు మీద ఆగుతుంది, ములికి బయట నిలుస్తుంది. మళ్లీ నొక్కితే మెట్టు తప్పుతుంది, స్ప్రింగు రీఫిల్‌ను వెనక్కి నెడుతుంది. ఇదంతా మీట కూర్చునే చోటు నుంచి ములికి రంధ్రం దాకా ఉన్న దూరం మీద ఆధారపడింది. కర్ర ఒళ్లు ఒక మిల్లీమీటరు పొడవైతే ములికి సరిగా బయటికి రాదు. పొట్టిదైతే పూర్తిగా లోపలికి పోదు. కొత్తవాళ్ల పెన్నులు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి.

రెండో చిక్కు మర. పెన్నుల మరలు చాలా సన్నం. కర్రలో అంత సన్నటి మర కోస్తే నార తెగి పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి పాత పెన్ను గొట్టంలో మర ఉన్న ముక్కను కోసి, కర్ర లోపల జిగురుతో అతికించాలి. అతికించే ముందు ఆ ముక్కను గ్లాసెడు నీళ్లలో వేసి చూడండి. తేలితే అది పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్కు, మామూలు జిగుర్లు దాన్ని పట్టవు. మునిగితే సాధారణంగా జిగురు పడుతుంది. లోహపు గొట్టం దొరికితే అన్నిటికంటే మేలు. జిగురు పట్టేందుకు దాని పైభాగాన్ని ఉప్పు కాగితంతో గరుకు చేస్తే చాలు.

కర్ర విషయంలో తొందర పనికిరాదు. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చి అది ఉబ్బుతుంది, ఎండల్లో కుదించుకుంటుంది. ఈ మార్పు నారకు అడ్డంగా ఎక్కువ, నిలువునా దాదాపు లేనట్టే. అందుకే నార పెన్ను పొడవునా సాగాలి. పచ్చి కర్రయితే ఆరేకొద్దీ లోపలి గొట్టం మీద బిగుసుకుని నిలువునా పగులుతుంది. పాత తలుపుల, కిటికీల టేకు ముక్కలు దశాబ్దాలుగా ఆరి ఉంటాయి కనుక నా మొగ్గు వాటివైపే. రంధ్రం వేసేటప్పుడు బిట్టును మాటిమాటికీ బయటికి లాగి పొట్టు దులపాలి. పొట్టు ఇరుక్కుంటే వేడెక్కి కర్ర చీలుతుంది, బిట్టు దారి తప్పుతుంది.

సిరా పోసుకునే పెన్నుకైతే లెక్క వేరు. రాజమండ్రిలో 1932 నుంచి చేస్తున్న రత్నం పెన్నులు ఎబొనైట్‌తో (గంధకం ఎక్కువగా కలిపి ఉడికించిన గట్టి రబ్బరు) ప్రసిద్ధమయ్యాయి. ఎబొనైట్ సిరాను పీల్చదు, ఒంట్లోనే నేరుగా సిరా పోసినా తట్టుకుంటుంది. కర్రకు ఆ గుణం లేదు. అందువల్ల పాత పెన్ను నుంచి నిబ్బు, దాని కింది నాలుక, పట్టుకునే భాగం తీసుకుని, సిరా కోసం విడిగా గొట్టం (కార్ట్‌రిడ్జ్) అమర్చాలి.

పైమెరుగు నేర్చుకోవడానికి అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది నిగనిగలాడిస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తికి ఇచ్చే చట్టబద్ధమైన గుర్తు) పొందిన ఈ పనితనం పెన్ను ఒంటికి బాగా నప్పుతుంది. లక్క తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది కనుక పగుళ్ల భయమూ తగ్గుతుంది. అయితే లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. చేతికి శానిటైజర్ రాసుకున్న వెంటనే ఆ పెన్ను పట్టుకోకూడదు.

ఇక ఏ పెన్నును విప్పాలన్నది చివరికి రీఫిల్ తేలుస్తుంది. ఒక్క కంపెనీకే పనికొచ్చే రీఫిల్ ఉన్న పెన్ను వద్దు, ఆ రకం బజారులో ఆగిపోతే మీ శ్రమ మూలన పడుతుంది. పార్కర్ తరహా రీఫిల్ పొడవు సుమారు 98 మిల్లీమీటర్లు. అదే కొలతలో ఎన్నో కంపెనీలు తయారు చేస్తున్నాయి, మామూలు స్టేషనరీ దుకాణాల్లోనూ దొరుకుతుంది. అలాంటి రీఫిల్ పట్టే పాత పెన్ను కనిపిస్తే పారేయకండి.