చత్వారం వచ్చిన కంటికి స్కోపు ఎంతవరకు తోడు?

కొవ్వూరు: దినపత్రికలోని అక్షరాలు ఆనక చేతులు ముందుకు చాచవలసి వచ్చిన రోజున ఎవరైనా కళ్లజోడు దుకాణానికి వెళతారు. రైఫిల్‌పై గురి కుదరని రోజున మాత్రం చాలామందికి ముందుగా స్కోపుపైనే అనుమానం కలుగుతుంది. మరలు బిగించి చూస్తారు, అంతకన్నా పెద్ద స్కోపు కొంటారు. కంటిని చూపించుకోవడం ఆఖరి మాట అవుతుంది. వయసుతో చూపులో వచ్చే మార్పుల్లో కొన్నింటికి స్కోపు నిజంగానే విరుగుడు. మరికొన్నింటిని అది కొంతకాలం కప్పిపుచ్చుతుంది. ఆ తేడా తెలియనివారు చూపునే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మసక వెలుతురులో ఎదుట ఉన్నది మనిషో పశువో పోల్చుకోలేక ట్రిగ్గర్ నొక్కే ప్రమాదం అంతకన్నా పెద్దది.

గోదావరి జిల్లాలకు సైన్యంతో అనుబంధం పాతదే. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం 'మిలటరీ మాధవరం'గా పేరుపడింది. సిపాయిలుగా చేరినవారిలో అనేకులు నలభై ఏళ్లకు అటూ ఇటూగా పదవీ విరమణ చేస్తారు. లైసెన్సు తుపాకీతో కాపలా ఉద్యోగాలకు వెళ్లేవారు వారిలో ఉన్నారు. చత్వారం మొదలయ్యే వయసు కూడా సరిగ్గా అదే. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు కనుకనే ఈ దోషానికి తెలుగులో ఆ పేరు వచ్చింది.

ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన నేత్రవ్యాధుల సర్వేకు ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో పశ్చిమగోదావరి జిల్లా ఒకటి. కొవ్వూరు అప్పట్లో ఆ జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో తూర్పుగోదావరిలో చేరింది. గ్రామీణ ప్రాంతాల్లో 30 ఏళ్లు, అంతకు పైబడిన వారిలో సగానికి మించి చత్వారం ఉన్నట్లు ఆ సర్వేలో తేలింది. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో జన్మించిన సినీ దర్శక నిర్మాత పేరనే 1987లో హైదరాబాద్‌లో ఆ సంస్థ ఏర్పడిన సంగతి ఈ ప్రాంతవాసుల్లో కొందరికైనా తెలిసినదే.

మూడు దూరాలు, ఒకే కన్ను

స్కోపు లేని రైఫిల్‌తో గురిచూసేవారు మూడింటిని ఒకే వరుసలో నిలపాలి. కంటికి దగ్గరగా బ్యాక్‌సైట్, గొట్టం చివర ఫోర్‌సైట్, ఆవల లక్ష్యం. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. యవ్వనంలో కంటిలోని కటకం మెత్తగా ఉండి, ఒకదానినుంచి మరొకదానికి క్షణంలో చూపు మార్చుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ కటకం గట్టిపడి ఆ శక్తి తగ్గిపోతుంది. మొదట బ్యాక్‌సైట్ అలుక్కుపోతుంది, తరువాత ఫోర్‌సైట్ కూడా.

స్కోపు ఈ చిక్కును దాదాపుగా తొలగిస్తుంది. లక్ష్యం ప్రతిబింబమూ, గురి కోసం అమర్చిన అడ్డం, నిలువు గీతలూ ఒకే తలంలో, దూరాన ఉన్నట్లుగా కంటికి చేరతాయి. చత్వారం వచ్చిన కన్ను దూరపు చూపును కోల్పోదు కనుక రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపుకు అనుమతి లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ కాంస్యం సాధించినది సన్నని రంధ్రం గల సైటుతోనే. చిన్న రంధ్రంగుండా చూసినప్పుడు దగ్గరివీ దూరంవీ ఒకేసారి కొంత తేటపడతాయి. అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి చూస్తే కళ్లజోడు లేకుండానే పత్రిక చదవగలగడం ఇందుకే. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ స్వాన్ 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో 72 ఏళ్ల వయసున రైఫిల్ జట్టు పోటీలో రజతం గెలిచారు. వయసు ఒక్కటే గురికి అడ్డు కాదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఐపీస్ తిప్పవలసినది గీతల కోసం

స్కోపు వాడేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. లక్ష్యం మసకగా ఉందని కంటివైపు ఉన్న ఐపీస్‌ను తిప్పుతారు. ఐపీస్ ఉన్నది గీతలను కంటికి తగినట్లు సరిచేయడానికి. లక్ష్యాన్ని తేటపరచే సర్దుబాటు కొన్ని స్కోపుల్లో వేరుగా ఉంటుంది.

సరిచేసే ముందు తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూసుకోవాలి. గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి, వెల్లగోడనో సూర్యుడు లేని వైపు ఆకాశాన్నో స్కోపులోంచి రెండు మూడు సెకన్లు మాత్రమే చూడాలి. గీతలు చూసిన తక్షణమే నల్లగా, పదునుగా కనిపించాలి. లేకుంటే కన్ను పక్కకు తిప్పి, ఐపీస్‌ను కొద్దిగా తిప్పి, మళ్లీ చూడాలి. ఎక్కువసేపు చూస్తూ తిప్పితే కన్ను తానే సర్దుకొని మోసం చేస్తుంది. కుదిరిన చోట సన్నని గుర్తు పెట్టి, పక్కన తేదీ రాసుకోవాలి. ఆ తేదీ ఎందుకో తరువాత తెలుస్తుంది.

దూరపు చూపుకు కళ్లజోడు వాడేవారు దానితోనే ఈ పని చేయాలి. హ్రస్వదృష్టినీ దీర్ఘదృష్టినీ ఐపీస్ కొంతమేర సరిచేయగలదు కానీ, అసమదృష్టిని సరిచేయలేదు. దానికి సిలిండర్ పవర్ ఉన్న అద్దాలే గతి.

బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలతో మరో తంటా ఉంది. బట్‌పై చెంప ఆనించి తల వంచినప్పుడు కన్ను అద్దం మధ్యలోంచి చూడదు. ముక్కుకు దగ్గరగా ఉన్న పైమూలనుంచి చూస్తుంది. ప్రోగ్రెసివ్ అద్దంలో ఆ మూల చూపు సరిగా ఆనదు. దూరపు చూపుకు మాత్రమే పనికివచ్చే ఒకే పవర్ అద్దాలను పెద్ద ఫ్రేములో విడిగా చేయించుకోవడం మేలు. అవి సులభంగా పగలని పాలీకార్బొనేట్‌వి అయితే మరీ మంచిది. రైఫిల్ స్కోపుకూ కంటికీ మధ్య సాధారణంగా మూడు నుంచి నాలుగు అంగుళాల దూరం ఉండాలి. బాగా కనిపించడం లేదని ముఖం ముందుకు జరిపితే, తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమను చీలుస్తుంది.

పెద్ద స్కోపు కొన్నా వెలుగు పెరగదు

చీకట్లో 20 ఏళ్ల యువకుడి కనుపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. 60 దాటినవారిలో అది 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఆగిపోతుంది. స్కోపునుంచి వచ్చే వెలుగు పుంజం వెడల్పు తెలుసుకోవడం సులభమే. ముందు కటకం వ్యాసాన్ని పెద్దగా చూపే రెట్లతో భాగించాలి. 40 మిల్లీమీటర్ల కటకం 8 రెట్లలో 5 మిల్లీమీటర్ల పుంజాన్నిస్తుంది. అదే 8 రెట్లలో 56 మిల్లీమీటర్ల కటకం 7 మిల్లీమీటర్లు ఇచ్చినా, పెద్దవారి కనుపాపలోకి ఆ అదనపు వెలుగు చేరదు. బరువు, ఖర్చు మాత్రం మిగులుతాయి. మునిమాపున రెట్లు తగ్గించుకోవడమే వారికి దారి. రెట్లు తగ్గితే చేతి వణుకు కూడా అంతగా కనిపించదు.

ఎర్రచుక్క సైటులో చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలానో ద్రాక్షగుత్తిలానో కనిపిస్తే, సెల్‌ఫోన్ కెమెరాను సైటు వెనుక పెట్టి చూడవచ్చు. కెమెరాలో గుండ్రంగానే ఉంటే లోపం కంటిది, బహుశా అసమదృష్టి.

శుక్లానికి స్కోపు మందు కాదు

పైన చెప్పిన తేదీ ఇక్కడ అక్కరకొస్తుంది. చత్వారం వల్ల ఐపీస్‌ను తరచూ మార్చవలసిన అవసరం రాదు. ఆరునెలలకోసారి గుర్తు దాటి తిప్పవలసి వస్తున్నదంటే దూరపు చూపే మారుతున్నట్లు లెక్క. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి హ్రస్వదృష్టి పెరిగి, కళ్లజోడు లేకుండానే పత్రిక చదవగలుగుతారు. చూపు తిరిగి వచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అదే సమయంలో దూరపు చూపు తగ్గుతుంది. ఐపీస్ తిప్పి సరిపెట్టుకుంటున్న వ్యక్తికి ఆ సంగతి తెలియడం ఆలస్యమవుతుంది. రక్తంలో చక్కెర హెచ్చుతగ్గులు కూడా కళ్లజోడు పవర్‌ను మార్చగలవు.

శుక్లం ఉన్న కంటికి నల్లని గీతలు బూడిదరంగుగా కనిపిస్తాయి, ఎండలో అంతా తెల్లబోతుంది. రాత్రివేళ కొవ్వూరు-రాజమహేంద్రవరం రోడ్డు కం రైలు వంతెనపై ఎదురొచ్చే లారీ దీపాలు పువ్వుల్లా విచ్చుకొని కళ్లు చెదురుతుంటే అదీ ఒక సూచనే. స్కోపులో తిన్నగా ఉండవలసిన గీత మధ్యలో వంగినట్లో తెగినట్లో కనిపిస్తే మాత్రం జాప్యం తగదు. అది రెటీనా మధ్యభాగానికి సంబంధించిన వ్యాధి కావచ్చు. నీటికాసుల వ్యాధి ఇంతకన్నా గుట్టుగా, పక్కచూపును తింటూ వస్తుంది. స్కోపులో నడిమి చూపే పనిచేస్తుంది కనుక, అది బాగున్నంతకాలం ఆ నష్టం తెలియదు.

శుక్లం శస్త్రచికిత్సలో అమర్చే కటకం దూరపు చూపుకు కుదిర్చినదైతే స్కోపు వాడకానికి బాగా నప్పుతుంది. దగ్గరకూ దూరానికీ కలిపి పనిచేసే కటకాల్లో కొందరికి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుతురులో స్పష్టత కొంత తగ్గుతుంది. తుపాకీ వాడే అలవాటున్నట్లు వైద్యునికి ముందే చెప్పాలి. మళ్లీ ఎప్పటినుంచి పేల్చవచ్చో కూడా ఆయననే అడగాలి. ఒక కంటికే శస్త్రచికిత్స జరిగినప్పుడు గురికి ఆనే కన్ను మారే అవకాశముంది.

స్కోపును దూరదర్శినిలా వాడి గట్టున కదులుతున్నది ఎవరో చూడటం పెద్ద తప్పు. చూపు ఉన్న చోటే గొట్టమూ ఉంటుంది. అందుకు విడిగా బైనాక్యులర్ ఉండాలి. వన్యప్రాణుల వేటను 1972 చట్టం నిషేధించింది. పంటపై పడే జంతువుల విషయంలోనూ అధికారుల అనుమతి తప్పనిసరి.

2019 సవరణతో ఆయుధ లైసెన్సు కాలపరిమితి మూడేళ్లనుంచి అయిదేళ్లకు పెరిగింది. కంటి విషయంలో అయిదేళ్లు చాలా ఎక్కువ సమయం. నలభై దాటినవారు ఏడాదికి, లేదా రెండేళ్లకు ఒకసారి కళ్లు చూపించుకోవడం మంచిది. ఎన్నికల వేళ ఆయుధాలను ఠాణాలో అప్పగించే రోజులు ఈ పనికి అనువైనవి. ఆసుపత్రికి తుపాకీ తీసుకుపోనక్కరలేదు. గురిచూసే భంగిమలో ఇంట్లోవారితో పక్కనుంచి తీయించుకున్న ఫొటో ఒకటి, కంటికీ ఐపీస్‌కూ మధ్య అంగుళాల కొలత ఒకటి కాగితంపై రాసుకొని వెళితే కళ్లజోడు తయారుచేసేవారికి సరిపోతుంది.