జీతం లేని పడవ పంతుళ్లకు ఏటా సత్కారం
అమెరికాలో నూరేళ్లు దాటిన సంస్థ ఆనవాయితీ

పగలంతా సొంత పనులు చూసుకుని, సాయంత్రం ఏ గ్రంథాలయం గదిలోనో పదిమందిని కూర్చోబెట్టి పడవ నడిపే పద్ధతి నేర్పే పంతుళ్లు అమెరికాలో ఉన్నారు. వీరికి జీతం, భత్యం లేవు. వీరంతా 'యునైటెడ్ స్టేట్స్ పవర్ స్క్వాడ్రన్స్' అనే సంస్థ సభ్యులు. వీరిలో మేటి అనిపించుకున్న కొద్దిమందికి ఏటా చాప్‌మన్ అవార్డు ఇచ్చి గౌరవించడం ఆ సంస్థ ఆనవాయితీ.

స్క్వాడ్రన్ అనగానే నౌకాదళం అనుకునేరు. కాదు. అందరూ మామూలు పౌరులే. మోటారు పడవలు కొత్తగా వస్తున్న రోజుల్లో, 1912లో బోస్టన్ యాట్ క్లబ్బులో రోజర్ అప్టన్ ప్రభృతులు ఈ కసరత్తు మొదలుపెట్టారు. 1914 ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో జాతీయ సంస్థ ఏర్పడింది.

అవార్డుకు పేరిచ్చిన చార్లెస్ చాప్‌మన్ (1881-1976) ఆ వ్యవస్థాపకుల్లో ఒకరు. మోటారు పడవల పత్రికకు ఏళ్ల తరబడి సంపాదకుడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, నౌకాదళ రిజర్వు సిబ్బందికి పనికొచ్చే పుస్తకం కావాలని అప్పటి నౌకాదళ ఉపకార్యదర్శి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అడిగితే, మూడు రోజుల్లో కూర్చి ఇచ్చాడని చెబుతారు. ఆ పుస్తకం కొత్త కూర్పులతో నేటికీ అమ్ముడవుతోంది. పడవలవాళ్లు దాన్ని పేరుతో అడగరు, 'చాప్‌మన్' అంటారు, అంతే.

ఇంతకీ ఏం నేర్పుతారు? తాడు ముడులు, లంగరు వేయడం, పటం చూసి దారి గుర్తించడం, పోటుపాట్లు లెక్కగట్టడం, ఎదురుపడిన పడవల్లో ఏది తప్పుకోవాలో తెలుసుకోవడం. పై తరగతులకు వెళితే సెక్స్‌టెంట్ పట్టుకుని సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి నడిసముద్రంలో ఉన్నచోటు తేల్చడం కూడా ఉంది. సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయాలను కుడిచేతివైపు ఉంచుకోవాలన్నది అక్కడ తొలి పాఠాల్లో ఒకటి. మన దేశంలో ఇది సరిగ్గా తలకిందులు. ఇక్కడ ఎరుపు ఎడమవైపు. అక్కడి విద్యతో ఇక్కడి రేవులోకి వస్తే పడవ మెరక తగిలి కూర్చుంటుంది!

ఈ చదువు ఎందుకంటే లెక్కలు చూడాలి. అమెరికా తీరరక్షక దళం నివేదిక ప్రకారం 2023లో ఆ దేశంలో వినోద పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. నడిపినవారి శిక్షణ సంగతి తెలిసిన కేసుల్లో, నాలుగింట మూడు వంతుల మరణాలు పాఠం నేర్వని వారు నడిపిన పడవల మీదే జరిగాయి. నీట మునిగి పోయినవారిలో నూటికి 87 మంది లైఫ్ జాకెట్ తొడుక్కోలేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు వద్ద లాంచీ మునిగిన ఘోరం తలచుకునే మన గోదావరి తీరవాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రమాదం జరిగితే పత్రికలో పడుతుంది. పంతులు చెప్పిన మాట గుర్తొచ్చి, మబ్బు చూసి ఒడ్డుకు తిరిగొచ్చిన పడవ ఏ లెక్కలోకీ రాదు. అందుకే ఈ పంతుళ్ల పనితనం బయటికి కనబడదు. వారి పాఠం విన్నవారికి, పక్కన నిలబడి పాఠం చెప్పినవారికే తెలుస్తుంది. స్థానిక శాఖలు తమలో మంచి పంతులు పేరు పైకి పంపడం, ఆ పేర్లలోంచి జాతీయ స్థాయిలో ఎంపిక చేయడం అందుకే సబబుగా తోస్తుంది.

అవార్డు అందరికీ అందేది కాదు. మిగతావారికి 'మెరిట్ మార్కు' ఉంది. ఏడాదిలో చెప్పుకోదగ్గ సేవ చేసిన సభ్యునికి ఒక్క మార్కు. పాఠం చెప్పినా, ఇతర పనులు మోసినా ఒక్కటే. 25 మార్కులు కూడితే జీవిత సభ్యత్వం. అంటే తక్కువలో తక్కువ పాతికేళ్లు!

ఇటీవలి కాలంలో 'అమెరికాస్ బోటింగ్ క్లబ్' పేరుతో ప్రచారం చేసుకుంటున్న ఈ సంస్థకు వెనుకటి సభ్యబలం లేదు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు వచ్చింది. అయితే తాడు ముడి తప్పు వేస్తే చెయ్యి పట్టుకుని విప్పించి, మళ్లీ వేయించే మనిషి కంప్యూటర్‌లో దొరకడు. పాతిక మార్కులు దాటిన పెద్దలు శాఖల్లో ఇంకా ఉన్నారు. తొలి మార్కు కోసం వచ్చే కుర్రవాళ్ల కోసమే శాఖలు ఎదురుచూస్తున్నాయి.