రాజు లేని ఊరి దసరా

దసరా ఊరేగింపు అనగానే ఎవరికైనా ముందు మైసూరే గుర్తొస్తుంది. ఆ వెంటనే సీమ జనం చెప్పే పేరు ప్రొద్దుటూరు. వేంపల్లె నుంచి ఎర్రగుంట్ల మీదుగా వెళితే వచ్చే ఆ పెన్నా ఒడ్డు ఊరికి రాజవంశమూ లేదు, అంబారీ ఏనుగూ లేదు. ఉన్నది ఆర్యవైశ్య సభ, అది నడిపే వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాల. విజయదశమి రాత్రి అక్కడి నుంచి కదిలే తొట్టిమెరవణిని, అంటే అమ్మవారి ఊరేగింపును చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా తరలివస్తారు. దీన్ని మైసూరుకు నకలు అనేవాళ్ళున్నారు. నా దృష్టిలో ఇది నకలు కాదు. రాజులు పోయిన సీమలో వాళ్ళు వదిలిన బాధ్యతను ఒక వర్తక సంఘం భుజానికెత్తుకున్న చరిత్ర ఇది.

విజయనగరంలో మహర్నవమి ఎంత ఘనంగా జరిగేదో కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాసిపెట్టాడు. అప్పట్లో మన కడప ప్రాంతం కూడా ఆ రాజ్యంలోదే. రాజ్యం చెదిరాక, 1610లో శ్రీరంగపట్నంలో రాజ ఒడెయరు ఆ వేడుకను అందుకున్నాడు. అంటే మైసూరుది కూడా వారసత్వమే. మన వైపు కథ వేరుగా నడిచింది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాళ్ళను అణిచేశాడు. దాంతో ఉత్సవం చేయించే దొర అంటూ ఎవరూ మిగల్లేదు. కానీ 1860ల్లో తవ్వడం మొదలైన కర్నూలు-కడప కాలువ తర్వాతి కాలంలో ఈ నేలకు నీళ్ళిచ్చింది. పత్తి, నూనెగింజలు, ఆపైన బంగారం వ్యాపారంతో ప్రొద్దుటూరు బజారు బలిసింది. 1915 నాటికే అది మున్సిపాలిటీ అయింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడే చోటే ఉత్సవం నిలబడుతుంది. పైగా అగస్త్యేశ్వరాలయం లాంటి ఊళ్ళోని ఇతర గుళ్ళు కూడా దసరాను పోటీగా చేయడంతో ఏ ఏటికాయేడు హంగు పెరుగుతూ వచ్చింది. మైసూరులో 750 కిలోల బంగారు అంబారీ వెనక ఒకప్పుడు రాజు, ఇప్పుడు ప్రభుత్వం ఉన్నాయి. ఇక్కడ బరువంతా చందాలదే. వర్తక సంఘాలు ఊరేగింపును మోయడం లోకంలో కొత్తేమీ కాదు. లండన్‌లో 1215 నాటి రాజపత్రంతో మొదలైన మేయరు ఊరేగింపులో నేటికీ పాత వృత్తి సంఘాలు నడుస్తాయి.

ఇది ఒక కులం పండుగే కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయముంది. పెనుగొండలో వాసవితో పాటు అగ్నిప్రవేశం చేసిన 102 గోత్రాల కథ ఆర్యవైశ్యులది. సభ పెత్తనమూ వాళ్ళదే. అయితే మెరవణి గుడి గడప దాటి వీధిలోకి వచ్చాక ఒక్క కులంతో నడవదు. డప్పు కొట్టేవాళ్ళు, మేళగాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, లైటింగు వాళ్ళు, వేషగాళ్ళు లేకపోతే తొట్టి అడుగు కదలదు. ఇంటి ముందుకొచ్చిన అమ్మవారికి టెంకాయ కొట్టే ఇల్లాలిని గోత్రం అడిగేవాళ్ళుండరు. నిర్ణయాలు ఒకరి చేతిలోనే ఉన్నా, ఉత్సవం మాత్రం ఊరిదైపోయింది. ఈ రెండూ నిజాలే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కప్పిపెట్టకూడదు. కరువు సీమలో ఇంత ఖర్చెందుకు అనే మాట కూడా వినిపిస్తుంది. ఆ ఖర్చులో కొంత కూలిగా, బాడుగగా, వాయిద్యగాళ్ళ సంభావనగా బీద ఇళ్ళకు చేరుతుంది. ఎంత చేరుతుందో లెక్క తీసి జనం ముందు పెడితే ఆ విమర్శకు సభ ఇవ్వగలిగిన సరైన జవాబు అదే.

ఈ చరిత్రంతా పెద్దల నోటిలో ఉంది, వాళ్ళతోనే పోతోంది. సభ దగ్గర, ఇళ్ళల్లో మిగిలిన చిట్టాలు, ఆహ్వానపత్రాలు, పాత ఫోటోలు పోగుచేసి అచ్చువేయాలి. అందులో చందాదారుల పేర్ల పక్కన తొట్టి మోసినవాళ్ళ పేర్లు, డప్పు కొట్టినవాళ్ళ పేర్లు కూడా ఉండాలి.